వెనక సీటులో చెయ్యి

గ్లైడరు అనే ఇంజను లేని విమానం నడపడం నేర్పే ఆ మాస్టారిని శిష్యులు చాటుగా 'బొంగరం' అనేవారు. ముందు సీట్లో శిష్యుణ్ణి కళ్లు మూసుకోమని, గ్లైడరును గిరగిరా తిరుగుతూ కిందికి పడేలా చేసి, వెనక సీట్లోంచి "ఊఁ, ఇక నీదే" అనేవాడు. నేల మీదికొస్తుంటే ఎవడైనా భయంతో, గ్లైడరును నడిపే కర్రను పొట్టకేసి లాక్కుంటాడు. లాగితే చావే. తిరిగే వైపుకు ఎదురు వైపున్న కాలి పెడలు తొక్కి, కర్రను ముందుకు తొయ్యాలి. అంటే, మీదికొచ్చే ఆ నేలవైపుకే!

"అమ్మ కొంగనుకున్నావా, పట్టుకు లాగడానికి? తొయ్యరా!" అని వీపు మీద ఒక్కటిచ్చేవాడు. చివరి క్షణం దాకా తన కర్ర ముట్టుకునేవాడు కాదు. వాంతి చేసుకున్నవాడి చేతే సీటు కడిగించేవాడు. జాలి ఆయన ఇంటా వంటా లేదు.

ఒక్క కూతురి దగ్గర తప్ప. మొదటిసారి ఆ తిరుగుడులో ఆమె "నాన్నా!" అని అరిచేసరికి ఆయన ప్రాణం విలవిల్లాడింది. వెనక కర్ర ముందు కర్రకు కలిపే ఉంటుంది. వేళ్లతో మెల్లగా తోశాడు. గ్లైడరు బుద్ధిగా సర్దుకుంది.

"నాకొచ్చేసింది నాన్నా!" అని ఆమె ఒకటే కేరింతలు. ఆ సంబరం మీద నీళ్లు చల్లడానికి ఆయనకు నోరు రాలేదు. మర్నాడూ అంతే, ఆపై వారమూ అంతే. తన చేత్తో కర్ర తొయ్యడం ఆమె ఒక్కసారీ నేర్వలేదు. ముద్దు చేసి ముంచాడు పెద్దమనిషి.

ఒంటరిగా ఎగరడానికి అనుమతి ఇవ్వాల్సిందీ ఆయనే.

"నాతో చేరినవాళ్లంతా ఎగురుతున్నారు. నన్నే ఎందుకు ఆపుతున్నావు? నామీద నమ్మకం లేదా?" అని ఆమె నిలదీసింది.

నిజం చెబితే పిల్ల ముఖం చిన్నబోతుంది. తన ముఖమూ చెల్లదు. సరేనన్నాడు.

ఒంటరిగా ఎగిరిన మొదటి రోజునే ఆమె వేగం తగ్గించి మలుపు తిప్పింది. ఒక రెక్క వాలింది, గ్లైడరు తిరగడం మొదలెట్టింది. నేలకు ఇంకా బోలెడంత ఎత్తులోనే ఉంది. "తొయ్యమ్మా, తొయ్యి!" అని మాస్టారు మైదానంలో గొంతు చించుకున్నాడు. ఆమె చెట్ల దాకా లాగుతూనే వచ్చింది.

ప్రాణం దక్కింది కానీ నడుము కింద చలనం పోయింది. శిష్యులంతా ఆసుపత్రి మంచం చుట్టూ నిలబడ్డారు.

"నువ్వున్నప్పుడు ఎప్పుడూ సర్దుకునేది కదా నాన్నా. ఈసారి ఏమైంది?" అని ఆమె అడిగింది.

మాస్టారు శిష్యుల వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఎన్నిసార్లు నేర్పాను? కంగారుపడి లాగేశావు."

ఆమె తలూపింది.

"అందరి ముందూ నీ పరువు తీశాను. ఏమనుకోకు నాన్నా" అంది.