ఓటింగుకు బయల్దేరిన పెద్దాయన

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో ఉన్న రోజుల్లో, మా పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, ఇంకా తేలకముందు, పగటిపూట ఒక పెద్దాయనకు తోడుగా ఉండే పని చేశాను. ఆయన ఆస్ట్రేలియాలో మూడుసార్లు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత ఆ దేశానికి నాణేలు తయారుచేసే టంకశాలకు డైరెక్టరయ్యారు. భార్య పోయాక ఇక్కడున్న కూతురి దగ్గరికి వచ్చేశారు.

టీ తాగుతూ ఎప్పుడూ ఒకే కథ చెప్పేవారు. తన ఊరి ఆసుపత్రి మూసేయాలని సొంత పార్టీ బిల్లు పెడితే ఎదురు ఓటేశారట. తర్వాతి ఎన్నికల్లో సీటు పోయింది. అవతలి పార్టీ కేంద్రంలో గెలిచి ఆయన్ని టంకశాలకు పంపింది. ఓటు అమ్ముకుని ఆ కుర్చీ సంపాదించాడని అక్కడి కార్మికుల అనుమానం.

"యంత్రాల మోత కాదు, నన్ను చూడగానే వాళ్లు మాటలాపేయడం భయపెట్టింది," అనేవారు. ఒక ముసలి ఫిట్టర్ పక్కన నిలబడి పని నేర్చుకున్నారట.

2006 చలికాలంలో ఒక ఉదయం నేను వెళ్లేసరికి సూటు, టైతో గుమ్మంలో ఉన్నారు.

"పద. పార్లమెంటులో పదింటికి ఓటింగ్."

నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. కూతురు ఫోనెత్తలేదు. అడ్డం నిలబడితే నన్ను పక్కకు తోసి స్టేషన్‌కు నడిచారు. వెంట పరిగెత్తి, ఆయనతోపాటే రైలెక్కి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమండీ, ఈయన పార్లమెంటుకు వెళ్లాలంటున్నారు. నాకు భయమేస్తోంది."

"అక్కడ సెక్యూరిటీతో గొడవైతే మన పీఆర్ ఏమవుతుంది? వెనక్కి తీసుకొచ్చెయ్."

"రానంటే? చెయ్యి పట్టుకుని లాగనా?"

సొరంగం వచ్చి ఫోన్ కట్టయింది. చీకట్లో పక్కనే పెద్దాయన ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది.

వెల్లింగ్టన్‌లో దిగి, అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటారు. ఒక బస్సు కీచుమని ఆగింది. పార్లమెంటు ముందు గార్డు ఆపాడు.

"నేను సభ్యుణ్ని," అన్నారు.

"ఏ నియోజకవర్గం సర్?"

పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. నావైపు తిరిగారు. అంత బెదిరిన కళ్లు నేను పెద్దవాళ్లలో ఎన్నడూ చూడలేదు.

"మీరు ఓటేసేశారు సర్. చాలా ఏళ్లయింది," అన్నాను.

"ఎటు?"

"ఆసుపత్రి ఉండాలని."

"అయితే నా సీటు పోతుంది."

"పోయింది సర్. తర్వాత టంకశాలకు డైరెక్టరయ్యారు."

"నేను అమ్ముడుపోయానంటారు కదా?"

"అన్నారు. కానీ ఆ ఫిట్టర్ తను రిటైరైన రోజు మిమ్మల్నే పక్కన కూర్చోబెట్టుకున్నాడని మీరే చెప్పారు."

ఆయన మెట్టుమీద కూలబడ్డారు. గార్డు మంచినీళ్లు తెచ్చాడు.

ఇంటికి చేరి, కూతురు వచ్చాక నిజం చెప్పేశాను. అంతకు ముందు రెండుసార్లు ఆయన నన్నే గుర్తుపట్టలేదు. కూతురికి చెప్పొద్దని బతిమాలారు. పని పోతుందని నేనూ దాచాను. ఆవిడ తిడుతుందనుకున్నాను.

"నాకూ అనుమానమే. భయపడి అడగలేదు," అంది.

వారంలో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. నా పని పోలేదు. వీధి తలుపుకు పైన, ఆయన చెయ్యెత్తలేనంత ఎత్తులో, కొత్త గడియ బిగించారు. పొద్దున్నే వెళ్లగానే దాన్ని వేయడం నా వంతు. వేస్తున్నప్పుడు ఆయన నా వెనకే నిలబడి చూసేవారు.