స్వర్ణలత అడగాల్సిన మాట

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రాఘవేందర్ ఉద్యోగమంతా రైలింజన్ల కరెంటు పనే. వేల వోల్టులను మచ్చిక చేసుకున్న మనిషి, రిటైరయ్యాక రెండు వోల్టులైనా లేని తేడా దగ్గర బోల్తా పడ్డాడు.

గొంతు ఆపరేషనుతో ఆయన భార్య స్వర్ణలతకు మాట పోయింది. సైగలు చేయడం నామోషీ అనిపించి, ఇంటికి ఎవరొచ్చినా లోపలి గదిలోకి వెళ్లిపోయేది. అది చూడలేక ఆయన బటన్ నొక్కితే మాట పలికే డబ్బా ఒకటి తలపెట్టాడు. దొరికిన బటన్ల పలక ఐదు వోల్టులది, మాటలు పలికే బోర్డు మూడు పాయింట్ మూడుది. నేరుగా కలిపితే బోర్డు కాలుతుంది. పైగా ఒకే తీగ మీద, ఏ బటన్ నొక్కారని బోర్డు అడగాలి, పలక జవాబివ్వాలి. అంటే మధ్యలో రెండు వైపులా వోల్టేజీని సర్దే లెవల్ షిఫ్టర్ అనే చిన్న ముక్క ఉండాలి.

ఖరీదైనదే మంచిదనే మన పెద్దమనుషుల నమ్మకం ఆయనకూ ఉంది. రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన, వేగమైన షిఫ్టర్ కొన్నాడు. డబ్బా ఒకసారి పలికి మూగబోయింది. తీగలు మార్చాడు, మళ్లీ అతికించాడు, లాభం లేదు. మొదట్లో ఆశగా పక్కన కూర్చున్న స్వర్ణలత, క్రమంగా అటు చూడటమే మానేసింది. పాపం, ఆయనకు అన్నం సహించలేదు.

చివరికి మళ్లీ బజారుకు వెళ్తే, ఆ దుకాణం నడిపే సృజన సంగతంతా విన్నది. ఆయన కొన్నది సిగ్నల్ ఎటు పోతుందో తనే ఊహించి తోసే రకమట. ఈ తీగలో బోర్డూ పలకా సిగ్నల్‌ను తోయవు, వోల్టేజీని కిందికి లాగి వదిలేస్తాయి, తిరిగి పైకి తెచ్చేది రెసిస్టర్లు.

"అంకుల్, దీనికి గంత స్పీడ్ వద్దు. మోస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ ఉన్న షిఫ్టర్ పెట్టండి, జెర నిదానమే గానీ రెండు దిక్కులా సక్కగ పోతది," అంది.

పెట్టగానే డబ్బా పలికింది. నీళ్లు, మందు, నొప్పి, ఫ్యాను, అన్నీ రాఘవేందర్ రికార్డు చేసిన తన గొంతుతోనే. స్వర్ణలత ఒక్కొక్కటీ నొక్కి చూసి, డబ్బాను బల్ల మీద పెట్టేసింది.

ఆయన మనసు చివుక్కుమంది. "ఏందే, నచ్చలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. డబ్బాను చూపి తన గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత వేలు ఆయన వైపు తిప్పి, ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపి, కనుబొమలెగరేసింది.

అప్పటికి వెలిగింది రాఘవేందర్‌కు. డబ్బాలో ఉన్నవన్నీ ఆమెకు కావలసినవే. ఆమె ఆయన్ని అడిగేది ఒక్కటీ లేదు.

ఖాళీగా ఉన్న బటన్‌లో "తిన్నవా?" అని నింపాడు. ఆమె నొక్కింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ ప్రశ్నకు పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టిన మనిషి, ఇప్పుడు ఆమె మొహంలోకి చూశాడు.

"లేదే," అన్నాడు. "నువ్వు అడుగుతవని ఆగిన."