మా యారాలి ఇంటి పైపు

పుప్పాలగూడలో మా ఇల్లూ, మా బావ ఇల్లూ పక్కపక్కనే. బావ అంటే మా ఆయనకు అన్న. రెండిళ్లకూ వాకిలి ఒక్కటే. అందులోంచి ఇటు మా సెల్లార్‌లోకి, అటు వాళ్ల సెల్లార్‌లోకి ర్యాంపులు దిగుతాయి. వాకిలి వాలు కాస్త మా వైపే.

నా సెల్లార్ అంటే నా వంటిల్లే. పెళ్లి సారెలకు సకినాలు చేసి ఇచ్చేది అక్కడే. నేలంతా తెల్ల బట్టలు పరిచి, బియ్యప్పిండి చుట్లు వాటి మీద ఆరబెడతాను. మూలన ఒక గుంత, గుంతలో ఊట నీళ్లు తోడే మోటరు. నీళ్లు పెరిగితే మోటరుకు కట్టిన బుడ్డి పైకి తేలుతుంది, దాంతో మోటరు తిరుగుతుంది. వాళ్ల సెల్లార్‌లోనూ అంతే. కాకపోతే బావ తన పైపును రోడ్డు కాలువ దాకా వేయించకుండా వాకిట్లోనే వదిలేశాడు.

ఒక వానకాలం ఆ నీళ్లన్నీ మా ర్యాంపు దిగి వచ్చాయి. మా పాత మోటరు జాలీలో వెంట్రుకలు, కవర్లు చుట్టుకుని అది తోడలేకపోయింది. ఒక పెళ్లికూతురి సారెకు చుట్టిన సకినాలు నూనెలో పడకముందే నీళ్లలో కరిగిపోయాయి. మా యారాలి దగ్గరికి, అంటే బావ భార్య దగ్గరికి, పోయాను.

“అక్కా, మీ పైపు జర కాలువ దాక ఏపిచ్చుకోరాదు?”

ఆమె మంచం మీద నుంచి లేవలేదు. “నీళ్లకు తోవ నేను జూపిచ్చిన్నా? పల్లంల పొయ్యి వెట్టుకొని మమ్ముల అంటే ఎట్లనే? సకినాలేడ వోతయి, మల్ల జుట్టుకో.”

ఖాళీ గంపతో ఆ పెళ్లికూతురి తల్లి ముందు నిలబడింది నేను. ఆ మాట నా కడుపులో అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు వానలకు ముందే రాణిగంజ్ నుంచి పెద్ద మోటరు తెప్పించాను. పాతదాన్ని వైరు పట్టి లాగనివ్వలేదు, తాడు కట్టి పైకి తీయించాను. తోడిన నీళ్లు వెనక్కి దిగకుండా పైపుకు వాల్వు పెట్టించి, పైపును కాలువలో కలిపించాను. గుంతలో బకెట్లతో నీళ్లు పోసి, బుడ్డి లేచి మోటరు తిరిగేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత మా ర్యాంపు మొదట్లో జానెడెత్తు సిమెంటు గట్టు పోయించాను.

మా ఆయన దాన్ని చూసి, “ఇగ మా అన్న నీళ్లు యాడికి వోవాలె?” అన్నాడు.

“యాడికెల్లి వచ్చినయో ఆడికే.”

పెద్ద వాన రానే వచ్చింది. బావ పైపు నీళ్లు నా గట్టుకు తగిలి, వాళ్ల ర్యాంపే దిగి, వాళ్ల గుంతలోకే పోయాయి. ఆ మోటరు తోడిన నీళ్లనే మళ్లీ మళ్లీ తోడింది. ఆ ఇంట్లో ఒక్కరూ బయటికి వచ్చి చూడలేదు. మధ్యాహ్నానికి ఆ మోటరు కాలి, కమురు వాసన వచ్చి ఆగిపోయింది.

యారాలు గోడ దగ్గరికి వచ్చింది. “జర మీ మోటరు ఇయ్యవే. సెల్లార్ల కారు మునుగుతున్నది.”

“మోటరు దీస్తె నా సకినాలు మునుగుతయి గదక్కా. ముందుగాల బావతోని ఆ పైపు తిప్పియ్యి.”

“గింత వానలనా?”

“వానలనే.”

బావ ఏనాడూ పానా పట్టినవాడు కాదు. నెత్తి మీద కవరు కప్పుకుని, నీళ్లలో కూర్చుని, పైపు ఊడదీసి కాలువ వైపు తిప్పాడు. నేను కళ్లారా చూశాను. అయినా మోటరు ఇవ్వలేదు. గోడ మీది నుంచి రెండు బకెట్లు అందించాను.

“ఏందే, గిట్ల జేస్తవా?” అంది యారాలు.

“తోడుకోరి అక్కా. నీళ్లే గద.”

కిందికి దిగి, పొడి నేల మీద బట్ట పరుచుకుని కూర్చున్నాను. గోడ అవతల బకెట్ల చప్పుడు వింటూ ఆ రోజు సారె సకినాలన్నీ చుట్టాను. ఒక్కటీ విరగలేదు.