బాపు ఫిట్ అయిన రోజు

మా బామ్మర్ది హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ కుర్చీలో కూర్చునే ముందు కర్చీఫ్‌తో దాన్ని తుడుస్తాడు. తుడిచి, నల్లబడిన కర్చీఫ్‌ని నాకు చూపిస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే తంతు. మొన్న ఎండాకాలంలో వచ్చినప్పుడు కూడా చూపించి, "ఎట్ల ఉంటున్నరు బావా ఈ ఊర్ల? ఇంత గలీజు ఊరు ఇంకోటి ఉన్నదా?" అన్నాడు. గోదావరిఖనిని ఎవరైనా ఒక మాటంటే ఒకప్పుడు మీదికి పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ ఓపిక లేదు. "లేదు, మాదే ఫస్టు" అని, చాయ్ పెట్టమని మా ఆవిడకు చెప్పాను.

అతని అపార్ట్‌మెంటు మూసీ పక్కన. కిటికీ తెరిస్తే మురుగు కంపు. అందుకని వాళ్లు కిటికీ తెరవరు, ఏసీ వేసుకుని సిటీలో ఉన్నామనుకుంటారు. ఆ మాట అతనితో చాలాసార్లు అన్నాను, అతనికి పౌరుషం మాత్రం రాలేదు.

మావాళ్లూ తక్కువ తినలేదు. ఊరికి కొత్త చుట్టాలు వస్తే తిన్నగా ఇంటికి తీసుకురారు. ముందు కరెంటు కంపెనీ కాలనీ జ్యోతినగర్‌లో తిప్పుతారు. అక్కడి చెట్లూ, ఇంజనీర్ల క్వార్టర్లూ, ఊడ్చిన రోడ్లూ చూపించి, "మా దగ్గర గిట్ల ఉంటది" అంటారు, అదేదో తాము కట్టించినట్టు. ఇంకొందరు గోదావరి బ్రిడ్జి మీద నిలబడి పొద్దుగూకే సూర్యుణ్ణి ఫోటో తీసి స్టేటస్ పెడతారు. ఫోటోలో దుమ్ము బంగారంలా మెరుస్తుంది. అదే దుమ్ము ఇంటికొచ్చాక ముక్కులోంచి నల్లగా వస్తుంది, దాన్ని ఎవరూ ఫోటో తీయరు.

నన్నడిగితే ఊరు వికారంగానే ఉంటుంది. ఓపెన్ కాస్టు గనుల్లో తవ్విన మట్టి తెచ్చి పోసిన గుట్టలు ఊరి చుట్టూ ఉన్నాయి, వాటి మీద తుమ్మచెట్టు కూడా సరిగ్గా మొలవదు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ పేలితే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి అది తెలుపో కాదో ఇంట్లో వాదన పెట్టుకోవచ్చు. ఇదంతా నిజమే. కాని ఈ ఊళ్లో నేను చూసిన అన్నిటికన్నా వికారమైన సంగతి మా ఇంటి ముందు గదిలోనే జరిగింది, అది చేసింది నేను.

మా నాన్నని మేం బాపు అంటాం. ఆయన ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో పనిచేశాడు. తవ్విన చోట పైకప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టే పని. మా బావుల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి ఆరోగ్యం పాడై, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఇంటి కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఫిట్ అని రాస్తే మళ్లీ బావిలోకి దిగాల్సిందే. ఎవరు ఏమనుకున్నా సరే, మా సందులో సగం ఇళ్లలో కొడుకులు కోరుకునేది అన్‌ఫిట్ అనే ఆ ఒక్క మాటే. అన్‌ఫిట్ అయిన ఇంటివాళ్లు సందంతా లడ్డూలు పంచుతారు. పెళ్లి కుదిరినా, మనవడు పుట్టినా, బాపు ఊపిరితిత్తులు పాడైనా మాకు లడ్డూలే.

అప్పుడు నేను డిగ్రీ పూర్తి చేసి జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాను. ఇంకో మూడేళ్లు పోతే ఆ ఉద్యోగానికి నా వయసు హద్దు దాటిపోతుంది. సంబంధాలు వచ్చినట్టే వచ్చి, "పిలగానికి నౌకరి లేదా" అని వెనక్కి పోతున్నాయి. బాపు మాత్రం పొద్దున లేచి రెండు రొట్టెలు తిని హుషారుగా డ్యూటీకి పోతున్నాడు. ఆ హుషారు చూస్తే నాకు మంట.

మా సందులో ఒక కాక ఉండేవాడు. ముందటేడే అన్‌ఫిట్ అయ్యి కొడుక్కి ఉద్యోగం ఇప్పించాడు. బోర్డుకు పోయేవాళ్లందరికీ ఆయనే మాస్టారు. ఎలా దగ్గాలో, ఎలా ఆయాసపడాలో కూర్చోబెట్టి నేర్పేవాడు. నన్ను పక్కకు పిలిచి, "మీ బాపుతోని మళ్ల బీడీలు తాగియ్యి. పాత బీడీ అలవాటాయె, జల్ది ఛాతి పట్టేస్తది. డాక్టరుకు పిల్లికూతలు వినపడాలె" అన్నాడు.

బాపు బీడీలు మానేసి అప్పటికి ఎనిమిదేళ్లు. నిమోనియా వచ్చి లేచాక వేములవాడ రాజన్న మీద ఒట్టు పెట్టుకుని మానేశాడు. నేను ఆ సాయంత్రమే బీడీ కట్టలూ అగ్గిపెట్టే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"రాజన్న మీద ఒట్టు పెట్టుకున్న గదరా" అన్నాడు.

"రాజన్నకు నేను చెప్పుకుంట తియ్యి. నువ్వు తాగు."

తాగాడు. మొదటిరోజు రెండు దమ్ములకే కళ్లల్లో నీళ్లొచ్చాయి. నేను ఎదురుగా కూర్చుని పూర్తిగా అయ్యేదాకా చూశాను. రోజూ షాపు నుంచి రాగానే కట్ట విప్పి, ఎన్ని మిగిలాయో చూసేవాణ్ణి. తక్కువ తాగితే కోప్పడేవాణ్ణి. మా అమ్మ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఆవిడకు కోడలు కావాలి.

బోర్డు రోజు బాపు తెల్లారే కంపెనీ పెద్ద దవాఖానకు పోయాడు. ఆయన వచ్చేలోపు నేను పోయి లడ్డూల డబ్బా తెచ్చాను. అంత నమ్మకం. పక్కింటి ఖాలా గోడ మీంచే "ముబారక్" చెప్పింది. అమ్మ డబ్బా మీద కొంగు కప్పి మంచం మీద పెట్టింది, దుమ్ము పడకుండా.

మధ్యాహ్నం బాపు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు. ముందు ఆయన చూపు డబ్బా మీద పడింది.

"ఏమైంది?" అన్నాను.

"బాగనే ఉన్ననట."

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కింద కూలబడింది. ఏడ్చింది కూడా. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని తెలిసి పెళ్లాం ఏడ్చిన ఇల్లు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, మా ఊరికి గలీజులో ఫస్టన్న పేరు తీసేద్దాం.

"నీకు దగ్గుడు గూడ రాదా?" అని నేను అరిచాను. ఆ మాటే అన్నాను, దాన్ని మెత్తగా రాయడం ఇప్పుడు కుదరదు.

"దగ్గిన బిడ్డా. మస్తు దగ్గిన. వాళ్లు నమ్మలె." చెప్పులు విప్పి, "తప్పైంది" అన్నాడు.

లడ్డూలు వాపసు ఇవ్వడానికి పోతే మిఠాయి దుకాణం సేటు నేను చెప్పకముందే చెయ్యి చాపాడు. డబ్బా తూకం కూడా వేయకుండా లోపల పెట్టుకుని, "ఫిట్టా?" అని మాత్రం అన్నాడు. మేమే మొదటివాళ్లం కాదన్నమాట.

ఆ తర్వాత బాపును బీడీలు మానమని ఎవరూ చెప్పలేదు. నేను తేవడం ఆపలేదు. ఆయనా అడగడం ఆపలేదు. రెండేళ్లు గడిచాయి. బావిలో వాలు దారి ఎక్కేటప్పుడు మధ్యలో కూర్చుంటున్నాడని ఆయన తోటివాళ్లు వచ్చి చెప్పారు. నాకు లోపల సంతోషం వేసింది. ఈసారి కాక పాఠాలు అవసరం పడలేదు. బోర్డు నుంచి బాపు తనే లడ్డూల డబ్బా కొనుక్కుని చంకలో పెట్టుకుని వచ్చాడు.

సందులో తనే పంచుతానన్నాడు. నాలుగో ఇంటికే ఆయాసమొచ్చి అరుగు మీద కూర్చుండిపోయాడు. జనమే ఆయన దగ్గరికొచ్చి, వంగి లడ్డూలు తీసుకుని, అభినందించి పోయారు. నేను మా గుమ్మంలో నిలబడి చూశానే తప్ప డబ్బా అందుకోవడానికి పోలేదు. చివరికి మిగిలింది తెచ్చి "నోరు తెరువురా" అని నా నోట్లో పెట్టాడు. బాగుంది. ఇంకోటి ఉందా అని అడిగాను.

మొన్న మా బామ్మర్ది చాయ్ తాగుతుండగా మంచం మీద బాపుకు దగ్గు తెర వచ్చింది. ఆగేసరికి చాయ్ చల్లారిపోయింది. బామ్మర్ది జాలిగా, "ఈ దగ్గు ఎట్ల పట్టుకున్నది మామా?" అన్నాడు.

బాపు నా వైపు చూశాడు. అవే కళ్లు, గడపలో నిలబడి డబ్బా వైపు చూసిన కళ్లు. ఊపిరి కూడదీసుకుని, "ఇంకేంది బిడ్డా, ఈ ఊరి దుమ్ము" అన్నాడు.

"నే చెప్పలే బావా?" అని బామ్మర్ది కర్చీఫ్ మళ్లీ చూపించాడు.

నేను అవునని తల ఊపాను.