మామ్మ శహతూత్ చెట్లు

రెండు వారాల కిందట పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, పక్కింటి మామ్మ పోయిందని చెప్పింది. నిద్రలోనే పోయిందట. కాసిడీహ్‌లోని మా అత్తింటి నుంచి పుట్టిల్లున్న బారిడీహ్ చేరేసరికి, సందులోవాళ్లంతా ఆవిడ వాకిట్లో మల్బరీ చెట్టు కింద నిలబడి ఉన్నారు. ఆ చెట్టును మేమంతా శహతూత్ అనే అంటాం.

మామ్మకు మాతో చుట్టరికం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వస్తూ పుట్టింటి చెట్టు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చుకుందట. అది ఎదిగాక, సందులో ఎవరింట బిడ్డ పుట్టినా ఒక కొమ్మ విరిచి తెచ్చి ఆ వాకిట్లో తనే పాతేది. నేను పుట్టినప్పుడు మా వాకిట్లోనూ పాతింది. "ఇవన్నీ ఒకటే సెట్టమ్మా, ఇళ్లే ఏరు" అనేది. మేం నవ్వేవాళ్లం.

నేను కాలేజీలో చేరిన ఏడు, ఆరేసిన కొత్త తెల్ల చుడీదార్ మీద పళ్లు రాలి మరకలయ్యాయి. ఆ కోపంతో నాన్నను సతాయించి ఒక మధ్యాహ్నం మా చెట్టు మొదలంటా కొట్టించాను. మామ్మ అప్పుడు టాటానగర్ స్టేషన్ దగ్గర తమ్ముడింట్లో ఉంది. మర్నాడు కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఆటో దిగి, నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

"నిన్న మద్దేనం ఏటి సేసినారు?"

ఆవిడకు ఎవరూ కబురు చెప్పలేదు. చెట్టుకు పురుగు పట్టిందని నాన్న అబద్ధమాడాడు. మామ్మ ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రమే నా చుడీదార్ తీసుకెళ్లి, పచ్చి శహతూత్ కాయ నలిపి రుద్ది, ఎడమచేత్తోనే మరకలన్నీ పోగొట్టి ఇచ్చింది. మా వాకిట్లో ఇంకో కొమ్మ పాతింది. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. నరం పట్టేసిందన్నాడు డాక్టరు. నా పెళ్లి అరిసెలు కూడా ఎడమచేత్తోనే ఒత్తింది. నేను వాటిని తినలేకపోయాను.

పోయిన నెల మంచాన పడిందంటే చూడటానికి వెళ్లాను. ఎవరూ దగ్గర లేనప్పుడు, ఆ చెట్టు కొట్టించింది నేనేనని చెప్పేశాను.

"నాకెరికే," అంది. "కూలినప్పుడు నువ్వు గుమ్మంకాడ నిలబడి నవ్వినావు. నాను కొమ్మల్లోంచి సూసినాను."

నేను నవ్విన మాట నిజం. అది మా అమ్మకి కూడా తెలీదు.

మామ్మ నా చెయ్యి పట్టుకుని, "అన్నం తిన్నావేటి?" అని అడిగింది. నాతో ఆవిడ అన్న చివరి మాట అదే.

పదో రోజు కార్యానికి వెళితే సందులో చెట్లన్నీ విరగకాసి ఉన్నాయి. పళ్లు నల్లగా పండి కొమ్మలు వంగిపోయాయి. ఒక్క పండు మీదా ముక్కు గాటు లేదు. ఏటా పళ్ల మీద వాలే పికిలిపిట్టలు కరెంటు తీగ పొడవునా బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ మామ్మ తలుపు వైపే చూస్తున్నాయి.