ఏడింటికి ఖాళీ చెయ్యాల్సిన పెళ్ళి హాలు

రాసుకునే పలక బిగించిన కుర్చీలు తయారుచేసేవాళ్ళకు ఎడమచేతివాళ్ళ మీద ఏదో కోపం ఉండాలి. పలక ఎప్పుడూ కుడివైపే. చదువుకున్నన్నాళ్ళూ నడుము మెలితిప్పి రాశాను. నా మార్కులకు కారణం అదేనని ఇంట్లో చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు.

పెళ్ళి హాలు చూద్దామని అమీర్‌పేట వెళితే మళ్ళీ అవే కుర్చీలు, వరసలు వరసలుగా.

సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే భవనంలో మూడో అంతస్తు అది. పగలంతా క్లాసులు. క్లాసులు లేని వేళల్లో పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు.

పెళ్ళి ఖర్చు మా ఇద్దరి జీతాల్లోంచే పెట్టుకుంటామని ఆఫీసు క్యాంటీన్‌లో నేను చేసుకోబోయే అమ్మాయీ నేనూ గొప్పగా నిర్ణయించేశాం. హాళ్ళ అద్దెలు కనుక్కోవడం ఆ తర్వాత మొదలుపెట్టాం. ముందే కనుక్కుని ఉంటే నిర్ణయంలో అంత గొప్పతనం ఉండేది కాదు. శ్రీనగర్ కాలనీలో ఒక హాలాయన మా బడ్జెట్ విని మర్యాదగా మంచినీళ్ళు ఇప్పించాడు. పంజగుట్టలో ఇంకొకాయన అవీ ఇప్పించలేదు. ఊరి బయట తోటలు చవకే. కానీ యూసుఫ్‌గూడ, బోరబండల్లో ఉన్న ఆమె చుట్టాలకు బస్సు పెట్టాలి, బస్సు పెడితే భోజనాలు పెట్టలేం. ఈ మూడో అంతస్తు కూడా కాదంటే, జీతాలు పెరిగేదాకా పెళ్ళి ఆగాల్సిందే.

హాలు చూడ్డానికి ఆమె వాళ్ళ నాన్నగారిని కూడా తీసుకెళ్ళాం. మెదక్ వైపు నుంచి వచ్చి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసినాయన. మాట తక్కువ.

“ఏసీ లేదు సార్, గని ఫ్యాన్లు మస్తున్నయ్,” అన్నాడు మేనేజరు. “పొద్దుగాల ఏడింటికి జావా బ్యాచ్ ఉంటది. గా లోపట ఖాళీ జెయ్యాలె. గంతే, ఇంకేం ఫికర్ లేదు.”

వేదిక వేసే చోట గోడ పొడవునా బోర్డు, దాన్నిండా ఎవరిదో సగం రాసిన ప్రోగ్రాము.

“ఇదట్లనే ఉంటదా?” అడిగింది ఆమె.

“తుడిపిస్త మేడం. లేకుంటె పూలు గట్టి మూసేద్దం.”

నాకు లోలోపల పండగలా ఉంది. మా ఇంటి పురోహితుడు పెట్టిన ముహూర్తం తెల్లవారుజామున నాలుగు దాటాక. మా కోస్తా వైపు అది మామూలే. చిన్నప్పుడు నేను వెళ్ళిన పెళ్ళిళ్ళలో తాళి కట్టే వేళకు ముందు వరస మొత్తం నిద్రలో ఉండేది. నాలుగున్నరకు తాళి, ఆరింటికి ఫోటోలు, ఏడింటికి జావా. నా జీవితంలో ఏ టైమ్‌టేబులూ ఇంత చక్కగా కుదరలేదు. అదంతా వేళ్ళు మడిచి మరీ ఆమెకు వివరించాను.

“మస్తు ప్లాన్ జేసినవ్,” అంది. “జర మా నాయిన మొకం సుత చూడు.”

చూశాను. ఆయన ఒక కుర్చీలో కూర్చుని పలక మీద మోచెయ్యి ఆనించారు. హాయిగానే ఉన్నారు. ఆయనది కుడిచేతివాటం.

“అంతా మంచిగనే ఉంది. మరి బువ్వెప్పుడు?” అన్నారు.

“టిఫిను మావయ్యగారూ. ఇడ్లీ, ఉప్మా, వేడివేడి జిలేబీ. అందరూ తినేసి అట్నుంచటే ఆఫీసులకు వెళ్ళిపోవచ్చు,” అన్నాను, ఆఫీసుకు వెళ్ళడం పెళ్ళిలో ఇంకో వేడుక అన్నట్టు.

మేనేజరు కూడా తలూపాడు. తన ఎరికలో ఇడ్లీలాయన ఉన్నాడట, చెప్తే తగ్గిస్తాడట.

మావయ్యగారు పలక మీంచి మోచెయ్యి తీశారు. ముఖంలో కోపమేమీ లేదు.

“మా దిక్కు పెండ్లంటె పట్టపగలు గావాలె, నలుగురు కూసోని అన్నం దినాలె. చీకట్ల తాళి గట్టి, తెల్లారంగనే అందర్ని ఎల్లగొడితె, మావోళ్లు పెండ్లయిందనరు అల్లుడూ. పిల్లను లేపుకపోయిండంటరు.”