పేరు సగంలో ఆగిన రోజు

ఆ పొద్దున మా ఆయన "గుగులోతు వీరన్న" అని చదివి ఆగారు. తండ్రి పేరు చదవడానికి మళ్లీ గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. పక్కన గోరుచిక్కుళ్లు తుంచుతున్న నా చేతులు ఆగిపోయాయి.

ఆయన పేరు సమ్మయ్య. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో ఉద్యోగం. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో ఆఫీసు మూసి, అందరినీ ఇంటి నుంచే పనిచేయమన్నారు. మేము మహబూబాబాద్‌లో అద్దెకు ఉంటున్నాం. ఆయనతో జోడీగా పనిచేసే యాకూబన్న భూపాలపల్లిలో, పై అధికారి సుజాత మేడం జనగామలో. మార్కుల జాబితా సరిచూసేటప్పుడు ఒకరు పైకి చదివితే ఇంకొకరు పెన్సిల్‌తో గీత పెట్టడం వాళ్ల పద్ధతి. ఇంటికి వచ్చినా అది మానలేదు. ఈయన ఫోన్‌లో చదివితే, అక్కడ యాకూబన్న గీత పెట్టేవాడు. హాజరుకు మాత్రం పదింటికల్లా ఫోన్ గ్రూపులో దండం గుర్తు పెడితే చాలు.

నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. రోజూ దీపం పెట్టి, దేవుడితో నాలుగు మాటలు చెప్పుకోనిదే పని మొదలుపెట్టను. నా చదువూ భక్తీ అంతే.

అప్పటికి ఆయనకు జ్వరం వచ్చి నాలుగు రోజులు. టెస్టులో పాజిటివ్ వచ్చింది, నాకు నెగటివ్. మందులు రాసిచ్చిన డాక్టర్, "ఆక్సిమీటర్ల తొంబై నాలుగు కంటె తగ్గితే ఆగొద్దమ్మా, తీసుకరా" అని చెప్పారు.

"మేడంకు చెప్పుదాం" అన్నాను.

"వద్దే. నేను పండుకుంటే పిల్లల మార్కులు ఆగుతయ్. గీ జాబితా అయినంక చెప్పుదం. నువ్వు చదువు, నేను జర ఒరుగుత."

మర్నాడు పదింటికి ఆయన ఫోన్‌లో దండం గుర్తు నేనే పెట్టాను, దీపం ముట్టించి వచ్చిన చేతితోనే. పేర్లూ నేనే చదివాను.

"వదినా, నువ్వు చదువుతున్నవేంది? అన్న ఏడి?" అన్నాడు యాకూబన్న.

"తానం చేస్తున్నడు."

ఆ తర్వాతి రోజు ఆక్సిమీటర్ తొంబై ఒకటి చూపింది. "వేళ్లు సల్లగున్నయ్, అందుకే తప్పు సూపిస్తుంది" అన్నారాయన. నమ్మాలని ఉంది, నమ్మాను. మళ్లీ దండం పెట్టి, మళ్లీ చదవడానికి కూర్చున్నాను.

"ఇయ్యాల గూడ నువ్వేనా?"

"అంగడికి పోయిండు."

"నిన్న తానం, ఇయ్యాల అంగడి. లాక్‌డౌన్ల ఏ అంగడి తెరిచిండ్రు వదినా? నీ చదువు అన్నకంటె మంచిగుంది గానీ, నీకు అబద్ధం రాదు."

నవ్వబోయి ఏడ్చాను. ఉన్నదంతా చెప్పేశాను. అయిదు నిమిషాలకు మేడం వీడియో కాల్ చేశారు.

"సమ్మయ్య గారూ, పని సంగతి కాదు. మీ ముందున్న జాబితాల ఒక్క పేరు చదవండి, వింటా."

ఆయన చదివారు. ఒక్క పేరుకు మూడుసార్లు ఆగారు. మేడం కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు.

"అమ్మా, దండం పెడుతున్నది మీరేనా?"

"నేనే మేడం. తప్పయింది."

"నాది గూడ తప్పే. గుర్తు చూసి మనిషి బాగున్నడనుకున్న. ఇగ బయలెల్లుండ్రి. దవాఖానకు నేను ఫోన్ చేస్త."

దవాఖానలో చూస్తే శాచురేషన్ ఎనభై ఆరు. "గింత తక్కువతోని ఇంట్ల ఎట్ల కూసున్నవ్ బాపూ?" అంది చిన్న డాక్టరమ్మ. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా కనిపించింది. ఆక్సిజన్ మాస్క్, స్టెరాయిడ్స్, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బోర్లా పడుకోబెట్టారు.

మూడో రోజు ఆక్సిజన్ ఇంకా పెంచాల్సి వచ్చింది. "రెండు రోజులు ఏం చెప్పలేం తల్లీ. వెంటిలేటర్ దాకా పోవద్దనే చూస్తున్నం" అంది డాక్టరమ్మ. బయట రేకుల కింద కూర్చున్నాను. దీపం లేదు, వత్తి లేదు. కళ్లు మూసుకుని రామా అనుకోవడమే.

పదింటికి ఆయన ఫోన్ మోగింది. మేడం హాజరు పద్ధతి మార్చేశారు. గుర్తులు వద్దు, ఎవరి గొంతుతో వాళ్లు తమ బాగోగులు చెప్పి గ్రూపులో పెట్టాలి. ఒక్కొక్కరి గొంతూ విన్నాను. చివర యాకూబన్న: "అన్నా, నీ జాబితా నేను చదువుతున్న, మా ఇంటామె గీతలు పెడుతున్నది. ఒక్క పిల్లగాని మార్కులు గూడ ఆగలే. ఆమెనే నమాజ్‌ల నీ కోసం దువా అడిగింది. నువ్వు నిమ్మలంగ పండుకో."

నర్సమ్మను బతిమిలాడితే ఫోన్ లోపలికి తీసుకుపోయి ఆయన చెవి దగ్గర పెట్టింది. "విని కండ్లనీళ్లు పెట్టుకుండు. పెట్టుకోనీ, మంచిదే" అంది తిరిగి వచ్చి.

అయిదో రోజు నుంచి ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. పన్నెండో రోజు ఇంటికి పంపారు. అయినా కష్టం తీరలేదు. స్టెరాయిడ్స్ వల్ల షుగర్ మూడు వందలు దాటింది, కొన్ని వారాలు ఇన్సులిన్ వేసుకున్నారు. నాలుగు మెట్లెక్కితే కూలబడేవారు. "కోలుకునుడు నెలల పని. రోజూ పైకి చదివించు, ఊపిరి ఎంతుందో తెలుస్తది" అన్నారు డాక్టర్.

ఆయనకు పైకి చదవడమంటే జాబితాయే. మొదట్లో సగం పేరుకే ఆయాసం. ఫోన్‌లో వినే యాకూబన్న ఎంతసేపైనా ఆగేవాడు. ఒకనాడు నేను కూర తాలింపు వేస్తుంటే వినబడింది: "గుగులోతు వీరన్న, తండ్రి గుగులోతు భద్రయ్య." ఒక్క ఊపిరిలో. తర్వాత యాకూబన్న గొంతు: "గీత పెట్టిన అన్నా."

ఇప్పుడు మా ఆయన రోజూ ఆఫీసుకు పోతున్నారు. షుగర్ అదుపులో ఉంది, వేగంగా నడిస్తే మాత్రం ఆయాసం వస్తుంది. నా అనుభవంతో చెప్పేది ఒక్కటే: ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే ఒక పొడుగు వరుస ఒక్క ఊపిరిలో చదవమనండి. మధ్యలో ఆగితే వెంటనే దవాఖానకు పోండి. ఆక్సిమీటర్ తక్కువ చూపితే తప్పు చల్లటి వేళ్ల మీదికి నెట్టకండి. వాళ్ల బదులు "బాగున్నడు" అని మీరు చెప్పకండి.

ఫోన్‌లో దండం గుర్తు నేను మళ్లీ పెట్టలేదు. దీపం ముందు మాత్రం రోజూ దండం పెట్టి సుజాత మేడం పేరు, యాకూబన్న పేరు, యాకూబన్న ఇంటామె పేరు పైకి చదువుతాను, ఎక్కడా ఆగకుండా.